మేకులకు వేలాడే పలుపులు

అనగనగా ఒక పట్నం. ఆ పట్నం నడిబొడ్డున ఒక జూదశాల, దాని గోడకు ఆనుకొని ఒక పూటకూళ్ళ ఇల్లు. పాచికలాడే బాటసారులకు అక్కడ తిండీ పడకా ఉచితం. ఊరికే పెడుతున్నారంటే ఎందుకు పెడుతున్నారో ఆలోచించాలి కదా పిల్లలూ. ఉప్పు వర్తకుడు వీరభద్రశెట్టి ఆలోచించలేదు. తన ఎద్దు పుల్లన్నను ఆ ఇంటి పశువులపాకలో కట్టేసి, ఒక్క పూట చూసి వస్తానని వెళ్ళాడు.

పుల్లన్నకు మేత సహించలేదు. అక్కడ జూదంలో ఒడ్డి పోగొట్టుకున్న ఎద్దులను నూనెగానుగకు కట్టి, కళ్ళకు గంతలు వేసి చచ్చేదాకా తిప్పుతారని పక్కనున్న గాడిద చెప్పింది. గోడ అవతల పాచికలు గలగలమన్నప్పుడల్లా పుల్లన్న గుండె దడదడలాడేది.

మొదటి రోజు శెట్టి పందెం ఒడ్డడానికి వచ్చి పుల్లన్న మెడలోని మువ్వలపట్టెడ విప్పుకుపోయాడు. రెండో రోజు ఉప్పు బస్తాలు మోయించుకుపోయాడు. రెండూ పోయాయి. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు, అయినా కాళ్ళు మాత్రం అటే లాగాయి. పుల్లన్న వద్దన్నాడు, బతిమాలాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. శెట్టికి ఒక్క మాటా చెవికెక్కలేదు.

మూడో రోజు శెట్టి ఎద్దు ముఖం చూడలేకపోయాడు.

"ఈ ఒక్కసారి నిన్ను ఒడ్డుతాను పుల్లన్నా. పోయినవన్నీ తెచ్చేసుకుంటాను" అన్నాడు.

చెబితే విననివాడికి చూపించాల్సిందే అనుకున్నాడు పుల్లన్న.

"అలాగే అయ్యా. కానీ ఎద్దును చేయి మార్చేవాడు పలుపు మాత్రం ఇవ్వడు కదా. నా మెడలోది విప్పి ఆ పాక గోడ మేకుకు తగిలించి రండి."

శెట్టి పలుపు విప్పి గోడ దగ్గరకు వెళ్ళాడు. తగిలించడానికి చోటు లేదు. ప్రతి మేకుకూ పలుపులే. ఒకదానికి దిష్టికి కట్టిన నల్లదారం అలాగే ఉంది. ఇంకొకదాన్ని ఎవరో పాతచీర పేలికలతో ఓపిగ్గా పేనారు. అన్నిటికీ సాలెగూళ్ళు పట్టాయి.

పాక ఊడుస్తున్న అవ్వను, ఇవి ఎవరివని అడిగాడు.

"రేపు గెలిచి ఎద్దును తోలుకుపోతామన్నవాళ్ళవి నాయనా" అంది అవ్వ.

శెట్టి ఒళ్ళు జలదరించింది. ఆ పలుపును మళ్ళీ పుల్లన్న మెడకు కట్టాడు. జూదశాల వాకిట్లో ఎవరో పేరు పెట్టి పిలిచారు. అతను వెనక్కి చూడలేదు. మువ్వలు లేవు, ఉప్పు లేదు. ఊరిపొలిమేర దాటాక గానీ ఇద్దరికీ ఊపిరాడలేదు.

పోయినదాని కోసం ఉన్నదాన్ని ఒడ్డేవాడికి ఏదీ మిగలదు. మిగిలినదాన్ని పట్టుకొని లేచి వచ్చేవాడే బాగుపడతాడు.