గువ్వ ఎందుకు తలెత్తలేదు

ఒకప్పుడు పైడమ్మ అని ఒకావిడ ఉండేది. నలభై ఒక్కేళ్ల మనిషి. పొద్దున్నే తన ముఖం కడుక్కోకముందే పెరట్లోని రాతి తొట్టి నింపేది. అది పిట్టల కోసం. తేనెటీగలు మునిగిపోకుండా అందులో గులకరాళ్లు కూడా వేసేది.

ఆ రోజుల్లో పిట్టలన్నీ ఒకేలా తాగేవి. ముక్కు ముంచితే కడుపు నిండేదాకా తల ఎత్తేవి కావు. గటగటా తాగి తుర్రుమని పోయేవి.

ఒక ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది. గుంటలు ఎండాయి. పిట్టలకి ఆ తొట్టే దిక్కయింది. బావిలో నీళ్లు అడుక్కి పోయాయి. చేంతాడు లాగి లాగి పైడమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆమె మొగుడు గవరయ్య ఏనాడూ ఆ చేంతాడు ముట్టుకోలేదు. కానీ దారినపోయేవాళ్లు తొట్టిని చూసి, "గవరయ్య ఎంత ధర్మాత్ముడో!" అన్నారు. ఆ మాట ఆయనకి బెల్లంలా తగిలింది. కుర్చీ తెచ్చి తొట్టి పక్కనే వేసుక్కూర్చున్నాడు.

"ఇదిగో పిట్టల్లారా! ఊరికే తాగిపోవడం ఇక కుదరదు. గుక్క గుక్కకీ తలెత్తి నా ముఖం చూడాలి. 'అయ్యగారు చల్లగా ఉండాలి' అనాలి. అప్పుడే ఇంకో గుక్క."

కాకి తలెత్తింది. పిచ్చుక ఎత్తింది. కోడి అయితే ఒకటికి రెండుసార్లు ఎత్తింది. దాహం మరి!

"మాకు మెడే లేదయ్యా, ఏం ఎత్తమంటావు?" అన్నాయి తేనెటీగలు.

"మెడ లేనివాళ్లకి నీళ్లూ లేవు," అని తువ్వాలుతో తోలేశాడు. అవి బావి పక్కన, పైడమ్మ బిందె తొణికిన బురద మీద వాలి గొంతు తడుపుకున్నాయి.

అప్పుడు గువ్వ వచ్చింది. నిమ్మచెట్టు మీద దాని గూట్లో రెండు పిల్లలున్నాయి. గువ్వ తన గొంతులో పాలు ఊరించి పిల్లలకి పెడుతుంది. నీళ్లు తాగకపోతే ఆ పాలు ఊరవు. గబగబా ముక్కు ముంచింది.

"తలెత్తు!" అన్నాడు గవరయ్య.

గువ్వ ఎత్తలేదు. ఆయన తువ్వాలు విసిరాడు. గువ్వ ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తోలాడు. గూట్లో పిల్లల కూత సన్నబడింది.

"ఒక్కసారి ఎత్తి దించవే గువ్వమ్మా, నీ సొమ్మేం పోయింది?" అంది గోరింక.

"ఎవరికి ఎత్తాలే? తోడింది ఈయనా? ఆ చేతులు చూడు, ఎంత నున్నగా ఉన్నాయో! తోడినావిడ ఒక్కనాడైనా నన్ను దండం పెట్టమందా?"

గవరయ్య లేచి నిలబడ్డాడు. "బావి నాది, తొట్టి నాది, తోడే ఆవిడా నాదే! మధ్యలో నీకేం నొప్పే?"

బావి దగ్గర చేంతాడు ఆగింది.

పైడమ్మ తన అరచేతులు చూసుకుంది. కాపరానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రతి చెంబూ తను తోడిందే. ఇన్నేళ్లూ ఆయన లెక్కలో తొట్టీ తనూ ఒకే వరసలో ఉన్నామని ఆవేళే తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

వంటింట్లోంచి మట్టి మూకుడు తెచ్చి బావి గట్టు మీద పెట్టింది. బిందెలో నీళ్లు అందులో వంచి, గులకరాళ్లు వేసింది.

"తొట్టి నీదే, ఉంచుకో. నేను తోడిన నీళ్లు మాత్రం ఇక్కడుంటాయి."

"బావి నాదంటున్నానా!"

"అయితే దిగి తాగు," అంది పైడమ్మ.

గువ్వ వచ్చి ముక్కు ముంచింది. కడుపు నిండేదాకా తియ్యలేదు. కాసేపటికి నిమ్మచెట్టు మీద పిల్లల కూత మళ్లీ గట్టిగా వినిపించింది. తేనెటీగలు రాళ్ల మీద బారులు తీరాయి.

మిగతా పిట్టలూ వచ్చాయి. గుక్క తాగి తలెత్తాయి. గుక్క తాగి తలెత్తాయి.

"ఇక్కడెవరూ కుర్చీ వెయ్యలేదే! హాయిగా తాగండే!" అంది పైడమ్మ.

మెడలు వినలేదు. అన్నాళ్లు మెడకి పట్టిన భయం ఒక్క పూటలో వదులుతుందా? పిల్లలు తల్లుల్ని చూసి నేర్చుకున్నాయి. ఆ పిల్లల్ని చూసి వాటి పిల్లలు.

అప్పటినుంచే కాకీ, పిచ్చుకా, కోడీ గుక్క గుక్కకీ తలెత్తుతాయి. దేవుడికి దండం పెడుతున్నాయని కొందరు మురిసిపోతారు. దండమూ కాదు, గిండమూ కాదు. కుర్చీలో గవరయ్య ఉన్నాడేమోనని చూసుకోవడం. గువ్వా, దాని చుట్టం పావురమూ మాత్రం ముక్కు ముంచాక కడుపు నిండేదాకా తల ఎత్తవు. నమ్మకపోతే మీ పెరట్లో మూకుడు పెట్టి చూడండి.

ఆ కుర్చీని పైడమ్మ వానాకాలంలో పొయ్యిలో పెట్టి జావ కాచుకుంది.