పచ్చ చుక్క

నిరంజనయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. ఆ నడకకు జడిసి చాలామంది శిష్యులు ప్రశ్నలు మానుకున్నారు. డాక్టర్ సుధాంశు మాత్రం మానలేదు.

ఆ రేవుపట్నంలో నిలువ నీడ లేనివాళ్లకు క్షయ మందులిచ్చే డాక్టరతను. ఫ్లైఓవరు కింద పడుకునే రోగులకు తలా ఒక ఫోను ఇప్పించాడు. పొద్దున మాత్ర మింగి మిస్డ్ కాల్ ఇస్తే డాక్టరు ఫోనులో ఆ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. కాల్ రాకపోతే ఎర్ర చుక్క వస్తుంది, అప్పుడు మనిషిని పంపి వెతికిస్తారు. మంచి ఏర్పాటే, కాదనను. కొందరికి జబ్బు నయమైంది కూడా. కాకపోతే డాక్టరు గారు కడుపులో చల్ల కదలకుండా గదిలో కూర్చుని చుక్కలు చూడడానికి అలవాటు పడ్డారు.

"దూరాన్నుంచి కనిపెట్టి ఉండడం కూడా సేవే కదా, గురువు గారూ?" అని ఒక ఉదయం అడిగాడు, పచ్చపచ్చగా ఉన్న ఫోను చూపిస్తూ. ఆయన అందులో మొదటి పేరు మీద వేలు పెట్టారు. నూకరత్నం. ఈమెను చూసొద్దాం పద అని చెప్పులు వేసుకున్నారు.

ఫ్లైఓవరు కింద అప్పలకొండ అనే కాళ్లు పడిపోయిన ముసలివాడు మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. అక్కడివాళ్లకు ఒక కట్టుబాటుంది. అందరూ కూలికో అడుక్కోవడానికో పోతే, నడవలేనివాడు మూటలు కాస్తాడు. ఒకరి మూట ఇంకొకరు విప్పకూడదు. మూట ఉన్నన్నాళ్లూ మనిషి ఉన్నట్టే లెక్క. దొంగల భయానికి ఫోన్లు కూడా అతనికే అప్పగించారు. వాళ్లు మాత్రలు మింగి వెళ్లాక కాల్స్ అతనే ఇచ్చేవాడు.

నూకరత్నం ఏదని డాక్టరు అడిగాడు. ఊళ్లోకి ఎవరో పెద్దలొస్తున్నారని పోయిన వారం మునిసిపాలిటీ వ్యాను వచ్చిందట. దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించి, దూరాన ఉప్పుమడుల దగ్గర దింపేశారట. మూట తెచ్చుకుంటానని ఆమె ఎంత బతిమాలినా వినలేదట. మాత్రలు ఆ మూటలోనే ఉన్నాయి. అప్పలకొండను మాత్రం, వీణ్ణెవడు మోస్తాడని వదిలేశారు. మిగతావాళ్లు నడిచి తిరిగొచ్చారు, ఆమె రాలేదు.

"మరి ఈ పొద్దున కూడా కాల్ వచ్చిందే?" అన్నాడు డాక్టరు.

"నానే కొట్టేను బాబూ. కొట్టకపోతే మీ మనుసులొచ్చి ఫోను పట్టుకుపోతారు గదా, పాపం దానికి మల్లీ ఎవులిస్తారు? మూటుంది. మనిసి వస్తాది."

ఇద్దరూ ఆటోలో ఉప్పుమడులకు వెళ్లారు. అక్కడ టీకొట్టు ఆవిడ నూకరత్నాన్ని ఎరుగును. కొట్టు పక్క పాకలో పడుకుని ఒకటే దగ్గేదనీ, గంజి ఇస్తే రెండు గుక్కలు తాగేదనీ చెప్పింది. ఆసుపత్రికి పంపిస్తానంటే నూకరత్నం ఒప్పుకోలేదట.

"నాను మాత్ర ఏసుకోలేదని డాక్టరు బాబుకి తెలిసిపోతాది, మనిసిని పంపుతాడు, నాను కదిలితే ఆ మనిసికి కనబడను అనీది. రోడ్డు కేసే సూసీది. నిన్న సాయంత్రం పోయింది. బండొచ్చి సవాన్ని పట్టుకుపోయింది."

ఈ మాట నాకు చెప్పినవారు చెప్పలేక చెప్పారు. నాకూ రాయబుద్ధి కావడం లేదు.

డాక్టరు పాకలోకి వెళ్లాడు. చాప ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన కూర్చుని ఫోను తీసి చూశాడు. ఆమె పేరు పక్కన చుక్క పచ్చగానే ఉంది. ఆ ముసలివాడు ఒక్క పూట కాల్ ఇవ్వకుండా ఊరుకుని ఉంటే ఆమె బతికేదన్నాడు.

నిరంజనయ్య గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"అతనికి అప్పగించింది మూట, నాయనా," అన్నారు. "అతను కాశాడు."