ఊ కొట్టిన చోట్లు

"గురువుగారండీ, కథలు రాసుకోడానికీ, ఇంట్లోనే పాడి రికార్డు చేసుకోడానికీ ఏ కంప్యూటర్ కొనమంటారండి?" అని హైమవతి అడిగినప్పుడు నాకు లోపల్లోపల సంతోషమే వేసింది. హరికథలు చెప్పుకునే విశ్వపతి దాసు గారికి కంప్యూటర్ల గొడవ ఏం తెలుస్తుంది, ఎలాగూ నావైపే చూస్తారు అనుకున్నాను. ఆయన శిష్యుల్లో ఆ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకునేవాణ్ణి కూడా.

ఆయన నావైపు చూడలేదు. "దాన్నించి నీకేం కావాలమ్మా?" అని ఆమెనే అడిగారు.

హైమవతి ఒక కాగితం మీద రెండు రకాలు రాసి తెచ్చుకుంది. ఒకటి మహా వేగంగా పనిచేస్తుంది గానీ లోపలి ఫ్యాను గుయ్యిమంటుంది, అది మైకులో పడుతుంది. రెండోది కాస్త నిదానం, కానీ చప్పుడు చెయ్యదు. ఇన్నాళ్లు గురువు గారి కథలే చెప్పిన పిల్ల, ఇప్పుడు సొంతంగా ఒక కథ రాసుకుంటోంది. దాన్ని మచ్చలేకుండా రికార్డు చెయ్యాలని ఆమె ఆశ.

"నాకు నిశ్శబ్దం కావాలండి" అంది. "కంప్యూటర్ చప్పుడు చెయ్యకపోతే సగం బాధ తీరిపోద్దండి. మిగతా సగం మా నాన్నగారు."

ఆమె తండ్రికి ఆయాసం. ఉన్నవి రెండే గదులు. పక్క గదిలో మంచం మీద ఆయన ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు గోడ దాటి వస్తాయట. "నేను పాడినంతసేపూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటారండి. అయినా వినపడిపోద్ది. అందుకని ఆదివారం మా అక్క వచ్చి తీసుకెళ్తానంది. నా పని అయ్యేదాకా అక్కడే ఉంటారు. ఆయనా సరేనన్నారండి." ఆ చివరి మాట ఆమె రెండుసార్లు అంది.

దాసు గారు అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కారు. మేమంతా దానికి అలవాటుపడి, కాస్త విసుక్కుని, ఎదురుచూస్తూ ఉండేవాళ్లం. ఆవేళ కూడా ఆయన మూల బల్ల మీదున్న తన పాత కంప్యూటర్ చూపించి, "మొదటి కథ పెట్టు శేషూ" అన్నారు. అది నేను ఏరికోరి కొనిపించిన కంప్యూటర్. నేనే వెళ్లి పెట్టాను.

ఐదేళ్లనాటి ఆయన గొంతు గదిలో ఖంగుమంది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. హైమవతి ముఖం విప్పారింది. నాలుగు నిమిషాలు గడిచేసరికి అదే ముఖం ముడుచుకుంది. రాజు అడవికి బయల్దేరాడు అంటారు, ఆగుతారు. దాహం వేసింది అంటారు, మళ్లీ ఆగుతారు. ఆగిన చోట గాలి చప్పుడైనా లేదు.

"మాటిమాటికీ ఎందుకు ఆగుతున్నారండి?" అని అడిగింది.

"ఆగలేదమ్మా. అక్కడ మా ఆవిడ ఊ అంది."

నేను తల దించుకున్నాను. భాస్కరమ్మ గారు పోయి అప్పటికి రెండేళ్లు. ఆవిడ ఊ కొట్టందే ఇంట్లో ఈయన కథ అడుగు ముందుకు వేసేది కాదు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఊ అనేవారు. సంతోషం వచ్చిన చోట అది పొట్టిగా ఉండేది, కష్టం వచ్చిన చోట సాగేది. కథ నచ్చకపోతే అసలు అనేవారే కాదు, అప్పుడు ఈయన కథ మార్చుకునేవారు. రికార్డు చేసిన రోజుల్లోనూ అంతే జరిగింది. ఆ రికార్డింగులు శుభ్రం చేసినవాణ్ణి నేను. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వారం రోజులు కూర్చున్నాను, ఒక్కొక్క ఊనీ వెతికి పట్టుకుని చెరిపేశాను. "నా గోలంతా తీసెయ్యి నాయనా, పదిమందీ వింటే బాగోదు" అని ఆవిడే నాకు కాఫీ తెచ్చి ఇచ్చారు. డిస్కు నిండిపోతోందని అసలు రికార్డింగులు కూడా నేనే చెరిపేశాను.

పదకొండు కథలు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. కథ చెప్పేవాళ్లని రికార్డు చేస్తారు గానీ ఊ కొట్టేవాళ్లని ఎవరు చేస్తారు? పదమూడో రోజు అయ్యాక దాసు గారు నన్ను పక్కకి పిలిచి, "ఎక్కడైనా ఒక్కటి వదిలేశావేమో చూడరా" అన్నారు. పదకొండు కథలూ మొదట్నించీ చివరిదాకా విన్నాను. ఒక్కటీ వదల్లేదు. నా పనితనం మీద నాకు అసహ్యం పుట్టింది. ఆయన మాత్రం ఇప్పటిదాకా నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

గదిలో కథ నడుస్తూనే ఉంది. అది ఆగిన ప్రతి చోటా దాసు గారు గుమ్మం వైపు కొద్దిగా తల తిప్పుతున్నారు. హైమవతి అది చూసింది. చూసి, చేతిలోని కాగితాన్ని మడత మీద మడత పెట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికి లేచి, "అక్కకి ఫోన్ చెయ్యాలండి" అంది. ఆమెకి ఏం చెబుతుందో మాకు చెప్పలేదు. గుమ్మం దాకా వెళ్లి, వచ్చినందుకు ఏదో ఒకటి తెలుసుకుని వెళ్లాలన్నట్టు, "మరి కంప్యూటర్ సంగతండి?" అని అడిగింది.

"ఏదైనా ఒకటేనమ్మా" అన్నారు దాసు గారు. "తీసెయ్యమంటే ఏదైనా తీసేస్తుంది."