నక్క మెడకు పట్టని దండ

ఏం చూశావు? చెప్పు. మొగ దగ్గర నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతుంటే గట్టున నిలబడి చూశావు కదా, ఏం చూశావో నోరు తెరిచి చెప్పు. అందంగా ఉందన్నావా? సరే, అదే మాటన్న జంతువుల కథ ఒకటుంది, విను.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక మడ అడవి. దాని పాయల్లో, చెట్ల వేళ్ల సందుల్లో చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేవి. ఆ నీళ్లు బాగుంటేనే అడవిలో అందరికీ తిండి. అందుకని అక్కడ సముద్ర రక్షణ సంఘం ఒకటి పెట్టుకున్నారు. అధ్యక్ష పదవి నక్కది. దానికి ఈత రాదు, కాలు తడిస్తే తుమ్ములు. అయినా సముద్రాన్ని తనే కాపాడాలని పట్టుబట్టింది. అడ్డు చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. కొంగ ఉపాధ్యక్షురాలు, ఒంటికాలి మీద కళ్లు మూసుకుని ఉండటం దాని పని. గూడబాతు కార్యదర్శి, దాని గొంతు సంచీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇక దున్నపోతు సభ్యుడు. బురదలో పడుకుని, ఎవరేమన్నా తలూపుతుంది.

ఒకరోజు సంఘం కూర్చుని ఉండగా నీటికుక్క పిల్ల గంగి తమ్ముణ్ణి వీపు మీద వేసుకుని వచ్చింది. వాడి బొచ్చంతా నల్లటి మడ్డి. వాడు గజగజ వణుకుతున్నాడు.

“పెదనాన్నా, మొగ బయట ఆగిన ఓడ నుంచి నూనె వచ్చి తేలుతోంది. తమ్ముడు మునిగి లేచేసరికి ఇలా అయ్యాడు. నాకితే విషం, నాకకపోతే చలి. లోపలి పాయల్లో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నారు. ఏదో ఒకటి చెయ్యండి.”

కొంగ ఒక కన్ను తెరిచింది. “నేనూ చూశానే. రంగులు రంగులుగా ఎంత అందంగా ఉందో!”

“అందంగానే ఉంటుంది అత్తా, దూరం నుంచి చూస్తే.”

గూడబాతు నోట్లో చేపను ఒక పక్కకు నెట్టుకుని కసిరింది. “నోరు చూడు! పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!”

“దెబ్బ తగిలింది పిల్లకే బాబాయ్. మరి తెలియనిదెవరికి?”

నక్క మాత్రం తియ్యగా నవ్వింది. “కోపమెందుకు తల్లీ? మీరే కదా మా ఆశ. వచ్చే పున్నమికి యువ సముద్ర దినం చేస్తున్నాం. అడవి నడుమ పందిరి. మీరంతా నిలబడి ప్రతిజ్ఞ చేద్దురుగాని. నినాదాలు నేనే చెబుతా.”

“నినాదాలతో తమ్ముడి బొచ్చు కడగనా?”

“పెద్దలతో అలా మాట్లాడకూడదమ్మా” అంది నక్క. దున్న తలూపింది. అంతటితో సభ ముగిసింది.

నక్క బొరియ మొగకు బయటవైపు, ఇసుక దిబ్బ కింద. సంఘానికి పెద్ద అయ్యుండి, అడవి వదిలి అక్కడెందుకు కాపురం పెట్టిందో ఎవరూ అడగలేదు. ఆ పక్క బొరియలోనే బుడంకాయ అనే ఎర్రపీత కుర్రాడు ఉండేవాడు. మర్నాడు వాడు పరుగున వచ్చి గంగి ముందు పడ్డాడు.

“అక్కా, ఓడలో ఉండే పందికొక్కు వచ్చింది. నక్కకి ఎండుచేపల మూట తెచ్చింది. పున్నమి పోటుకి ఓడ కడుపు కడిగి మడ్డినూనంతా వదిలేస్తారట. పోటు దాన్ని మన పాయల్లోకి నెట్టేస్తే సముద్రం మీద మచ్చ కూడా మిగలదట. ‘మీ పక్షులు చూసి గోల చేస్తే కాపలా పడవ వచ్చి పడుతుంది కదా’ అని పందికొక్కు భయపడింది.”

“నక్క ఏమంది?”

“‘సముద్రాన్ని కాపాడే సభలో కూర్చున్నవాడు సముద్రం వైపు చూడడు. నువ్వు నిశ్చింతగా కడుక్కో’ అంది.”

అక్కడున్న పిల్లలంతా దగ్గరికి చేరారు. సముద్రపు కాకి పిల్ల అడిగింది. “పెద్దవాళ్లకి చెబుదామా?”

“చెప్పి చూశాంగా! పెద్దవాళ్లు మన మాటకి లేవరు. నక్క మాటకే లేస్తారు” అంది గంగి. “కాబట్టి ఆ మాట నక్క చేతే అనిపిద్దాం. దానికి నీళ్లంటే భయం గానీ, దండంటే పిచ్చి.”

అదీ నిజమే. ఏటా సముద్ర దినానికి పిల్లలు ఎండు జమ్ముతో దండ అల్లి అధ్యక్షుడి మెడలో వేయడం అక్కడి ఆనవాయితీ. కిందటేడు పక్క అడవి అధ్యక్షుడైన అడవిపందికి వేసిన దండ నేల మీద జీరాడింది. మన నక్క దండ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ బాధతో నక్కకు చాలా రోజులు తిండి సయించలేదు.

గంగి వెళ్లి చేతులు జోడించింది. “అధ్యక్షా, ఈసారి మీ దండ ముందు ఆ పంది దండ తాడుముక్కలా కనపడాలి. లావు దున్న పొట్టంత ఉండాలి. పొడుగెంతంటే, చూసినవాడికి మెడ నొప్పి పుట్టాలి.”

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. “అంత జమ్ము పిల్లలెక్కడ మోస్తారు? దున్నా, లే! జమ్ము కొయ్యి. గూడబాతూ, కొబ్బరి పీచు తే. కొంగా, తాళ్లు! పిల్లలు ఏది అడిగితే అది ఇవ్వండి!”

చూశావా పెద్దరికం? పాయల్లో పిల్లలు చస్తున్నారంటే కదలని ఒళ్లు, నక్క దండకి చెమటోడ్చాయి. గూడబాతైతే మొదటిసారి నోరు ఖాళీ చేసుకుని పీచు మోసింది.

పున్నమి వచ్చింది. పొద్దెక్కేసరికి అడవి నడుమ పందిరి నిండిపోయింది. నక్క గొంతు సవరించుకుంది. “యువతే సముద్రానికి కాపలా! ప్రతి నీటిచుక్కా నా ప్రాణం! ఏదీ, దండ?”

“పందిరిలో పట్టలేదు అధ్యక్షా” అంది గంగి. “మొగ దగ్గర ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చాపాం. తమరే దయచేయాలి.”

నక్క ముఖం పాలిపోయింది. “వద్దు, వద్దు! ఎవరూ కదలొద్దు! ఇంకా ప్రతిజ్ఞ కాలేదు!”

మిగతావాళ్లు వింటారా? తాము మోసిన దండ ఎంత పొడుగైందో చూడకపోతే వాళ్లకి నిద్ర పట్టదు. తోసుకుంటూ, తొక్కుకుంటూ మొగకు పరుగెత్తారు. వెనకాల నక్క కూడా రాక తప్పలేదు.

అక్కడ పోటు లోపలికి వస్తోంది. దాని మీద, ఓడ దగ్గర నుంచి, నల్లటి మడ్డి దుప్పటిలా పరుచుకుని వస్తోంది. మొగకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, మడ చెట్ల వేళ్లకు కట్టిన జమ్ము దండ తేలుతోంది. కింద నుంచి నీళ్లు పోతున్నాయి. పైన తేలే మడ్డి దండకు తగిలి ఆగుతోంది.

గంగి వెనక్కి తిరిగింది. “ఏం చూశారు? చెప్పండి.”

“నేను కళ్లు మూసుకున్నానమ్మా” అంది కొంగ.

గూడబాతు గబుక్కున నోట్లో చేప కుక్కుకుంది, మాట్లాడే పని లేకుండా.

దున్న ఈసారి తలూపలేదు. “నూనె” అంది. దాని నోట ఎవరైనా మాట వినడం అదే మొదలు. నీళ్లలోకి దిగి, సడలుతున్న తాడు కొమ్ములకు చుట్టుకుని నిలబడింది. సముద్రపు కాకులు ఆకాశం చిల్లుపడేలా అరుస్తూ ఓడ మీద ముసిరాయి. ఆ గోలకు దూరాన కాపలా పడవ ఇటు తిరిగింది.

దండ ఏటవాలుగా ఉంది కదా, ఆగిన మడ్డి దాని వెంటే జారి జారి ఇసుక దిబ్బ వైపు పోయింది. నేరుగా నక్క బొరియలోకి.

“అయ్యో, నా ఎండుచేపలు!” అని కేక పెట్టింది నక్క.

అందరూ దాని వైపు తిరిగారు.

“ఎండుచేపలా? ఎవరిచ్చారయ్యా నీకు?” అంది దున్న.

“ఓడ పందికొక్కు మావయ్య!” అన్నాడు బుడంకాయ. “పాపం, ఇవాళ కూర కూడా పంపాడు, నూనె కాస్త ఎక్కువైంది.”

నక్క తుమ్ముతూ, మడ్డిలో కాళ్లు జారుతూ సరుగుడు తోటల్లో పడి పారిపోయింది. వెనక నుంచి గంగి పిలిచింది. “దండ మరిచిపోయారు అధ్యక్షా!”

మొత్తం ఆగిందనుకోకు. కొస దగ్గర తాడు తెగి కొంత మడ్డి లోపలికి పోయింది. రెండు పాయలు నల్లబడ్డాయి. గంగి తమ్ముడికి బొచ్చు మళ్లీ మునుపటిలా రాలేదు. కానీ మిగతా పాయల్లో పిల్లలు కళ్లు తెరిచారు. మర్నాటికి కొంగ, ఆ దండ ఆలోచన తనదేనని చెప్పుకోవడం మొదలుపెట్టింది. సిగ్గుంటే కదా!

కాపాడతానని పందిరి వేసినవాణ్ణి కాదు, నీళ్లలో దిగి తాడు పట్టినవాణ్ణి నమ్ము.

ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. మొగ దగ్గర నువ్వేం చూశావు?