పొలిమేర దాటిన గుర్రం

చిన్న కథే, తాంబూలం నమిలేలోపు అయిపోతుంది. అయితే ముందు కంబదిన్నె దొర జగ్గరాజు మోకాళ్ళ గురించి చెప్పాలి. అవి ఒకటే నొప్పులు. పెరట్లోకి వెళ్ళాలన్నా ఆయన తనకున్న ఒక్క గుర్రమే ఎక్కేవాడు.

సరే, కథ. గుర్రాలు సాకే ఓబన్న, వానల్లేని సొంతూరు విడిచి కంబదిన్నెకు కాపురం మార్చాలనుకున్నాడు. అతని బతుకల్లా రెండు గుర్రాలు. అది విని దొర కబురంపాడు: "కొత్త కాపురం వచ్చేటప్పుడు పొలిమేర రాయిని ముందు దాటిన గుర్రం పెద్దమ్మతల్లిది. మా గుర్రపుసాలలోనే ఉంటుంది, మేపేది మేమే. మా ఊరి ఆచారం." ఆ ఊరికి అంతకుముందు గుర్రాలతో వచ్చినవాళ్ళే లేరు. ఆచారం ఎప్పటిదని ఎవరూ అడగలేదు.

ఓబన్న పెళ్ళాం చెన్నక్క కట్టిన మూట విప్పేసింది. "ఏ గుర్రాన్ని ముందు నడిపిస్తావయ్యా?"

"రెండూ వెనకే నడుస్తాయి. మూట కట్టు," అన్నాడు ఓబన్న.

"తమరు ముందు నడిచి, డప్పులతో మమ్మల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళాలి దొరా" అని కబురంపాడు. డప్పు మోగితే చావుకైనా ముందుండే జగ్గరాజు, ఊరందర్నీ వెంటబెట్టుకుని ఎదురొచ్చాడు. మీసం దువ్వుకుంటూ తన గుర్రం మీద ముందుగా రాయి దాటాడు.

"పూజారిగారూ, అమ్మవారి గుర్రానికి బొట్టు పెట్టండి," అన్నాడు ఓబన్న. "దొరా, తమరు దిగాలి."

"ఇది నా గుర్రంరా!"

"ముందు దాటింది అదే కదా దొరా. ఆచారం తమరు చెప్పిందే."

పూజారి బొట్టు పెట్టేశాడు. ఊరంతా గుర్రానికి దణ్ణం పెట్టింది. ఇక దానిమీద కూర్చునేదెవరు?

గుర్రం ఇప్పటికీ దొర సాలలోనే దొర ఉలవలు తింటోంది. దొర నడుస్తున్నాడు. ఆర్నెల్లకు మోకాళ్ళ నొప్పులు పోయాయి.