ముప్పైతొమ్మిది మందీ, పెద్దయ్యగారూ

గుండుమెరకలో తెలివంతా ఒకే ఇంట్లో ఉంది. ఆ మాట ఊరు అనలేదు, ఆ ఇంటివాళ్ళే అన్నారు. ఇంటి పెద్ద సుజ్ఞానం, తమ్ముడు ఆశీర్వాదం, వాళ్ళమ్మ మార్తమ్మ. చర్చి పాస్టరు అయ్యగారు ఏం చెబితే అది పొల్లుపోకుండా చేస్తామనీ, మిగతావాళ్ళు అందులో సగం ఆలోచించి పాడుచేస్తారనీ ముగ్గురికీ మహా గర్వం.

ఒకసారి తిమోతి అయ్యగారు కూతురి పురుడుకని భార్యతో రాజమండ్రి బయల్దేరారు. వెళ్ళేముందు వీళ్ళని పిలిచి సంగతి చెప్పారు. వచ్చే వారం కాక పై వారం, ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పైఅధికారి పెద్దయ్యగారు చూడ్డానికి వస్తారు. నలభై మంది ఉంటేనే మందిరం ఉంటుంది, తగ్గితే తాళం వేసి నాలుగు మైళ్ళ అవతల సంఘంలో కలిపేస్తారు.  యాభై ఏళ్ళుగా మార్తమ్మ ఒక్క ఆదివారం మానలేదు. ఇప్పుడు మోకాళ్ళు నాలుగు వీధులు దాటనివ్వవు, నాలుగు మైళ్ళు ఎక్కడ నడుస్తుంది?

"భయపడకండి," అన్నారు అయ్యగారు. "మందిరం తలుపు ఎవరికీ మూయకండి. వచ్చినవాళ్ళని కాదనకండి, పేర్లు రాసుకోండి. మర్నాడు రాకపోతే ఇంటికెళ్ళి మంచీ చెడ్డా కనుక్కోండి. సేవంటే అంతే."

అంతే. అన్నదమ్ములు తలుపు ఊడదీసి ఇంటికి మోసుకొచ్చి అటకెక్కించారు. లేని తలుపుని ఎవరు మూస్తారు?

ఆదివారం పాటలు పాడుతుండగా తలుపులేని గుమ్మంలోంచి, ఎన్నడూ మందిరానికి రాని పక్కవీధి చలమయ్య మేకలు పదకొండు లోపలికొచ్చాయి. ఎవరో కర్ర తీశారు. సుజ్ఞానం అడ్డం పడ్డాడు. కాదనకూడదని అయ్యగారు చెప్పి వెళ్ళారాయె. పుస్తకం తీసి ఒక్కోదాన్నీ పేరడిగాడు. అన్నీ ఒకే జవాబు చెప్పాయి. పదకొండు వరసల్లోనూ "మే" అని రాసి, అంతా ఒకే ఇంటివాళ్ళు కాబోలనుకున్నాడు.

ఆ మేకలు పాటల పుస్తకాలు రెండు నమిలాయి. పాపం, ఆకలి మీదున్నాయని మార్తమ్మకి జాలేసింది. ఆడవాళ్ళు వంట చేసినప్పుడల్లా మందిరానికని తీసిపెట్టే పిడికెడు బియ్యం ఒక బుట్టెడు పోగై ఉంది. ఆ బుట్ట తెచ్చి ముందు పెట్టింది. ఇంకేముంది, బుట్ట ఖాళీ.

సోమవారం సాయంత్రం ప్రార్థనకి మేకలు రాలేదు. ముగ్గురూ కలవరపడి, గంజి కుండ పట్టుకుని చలమయ్య ఇంటికి వెళ్ళారు. వెళ్ళేసరికి నల్లమేక కడుపుబ్బి పడుంది. బియ్యం ఎవరు పెట్టారో తెలిసిన చలమయ్య కర్ర పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. వీళ్ళకి కర్ర కనబడితేగా. నిన్న మందిరానికి వచ్చారు, ఇవాళ రాలేదేం, ఒంట్లో ఎలా ఉందని మేక పక్కనే చతికిలబడ్డారు.

లోపల చలమయ్య భార్య అంకమ్మ నాలుగు రోజులుగా జ్వరంతో మూలుగుతోంది. ఇన్నాళ్ళకి తనని అడిగే మనుషులొచ్చారనుకుని ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆశీర్వాదానికి అబద్ధం చేతకాదు.

"మేం నీ కోసం రాలేదమ్మా," అన్నాడు. "నల్లమేక కోసం వచ్చాం."

అంకమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వింది. జ్వరం వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. చలమయ్య కర్ర మూలన పెట్టేశాడు. మేక ఎలాగూ గంజి ముట్టలేదు కాబట్టి అది అంకమ్మ తాగింది. మంగళవారం వెళ్ళారు. బుధవారం వెళ్ళారు. మేక లేచింది, అంకమ్మా లేచింది, అయినా వెళ్ళడం మానలేదు. ఆపమని అయ్యగారు చెప్పలేదు మరి.

పై ఆదివారం పెద్దయ్యగారు వచ్చి, ముందు వరసలో కూర్చుని తలలు లెక్కపెట్టారు. సంఘం వాళ్ళు ఇరవై ఎనిమిది. మార్తమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు గుమ్మంలో అలికిడైంది. అంకమ్మ, చలమయ్య, కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, మొత్తం పదకొండు మంది. మేకల్ని ఇంట్లో కట్టేసి మరీ వచ్చారు.

ముప్పైతొమ్మిది. ఒకటి తక్కువ.

"మీరూ ఉన్నారుగా అయ్యా," అంది మార్తమ్మ.

పెద్దయ్యగారు ఆవిడ మోకాళ్ళకేసి చూసి, నవ్వి, నలభై అని రాశారు. మందిరం నిలిచింది. మార్తమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆరాధన అయ్యాక అందరూ ఇళ్ళకు వెళ్ళారు. పెద్దయ్యగారూ చెప్పులేసుకోబోయారు. అన్నదమ్ములు ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ చాప మీద కూర్చోబెట్టారు. మిగతా ముప్పైతొమ్మిది మందీ ఊళ్ళోవాళ్ళే, ఆదివారానికి ఎలాగూ వస్తారు. ఊరు దాటి పోయేది ఈయనొక్కరే. పోతే లెక్క తగ్గిపోదూ?

పెద్దయ్యగారు మొదట కోప్పడ్డారు, తర్వాత బతిమాలారు, ఆ తర్వాత మార్తమ్మ చేసిన గోంగూర పప్పు రెండోసారి వడ్డించుకున్నారు.

బుధవారం పొద్దున తిమోతి అయ్యగారు భార్యని కూతురి దగ్గరే ఉంచి వచ్చి, ఆటో దిగి, మందిరంలో దిండు వేసుకుని పడుకున్న పెద్దయ్యగారిని చూసి చేతిలో సంచీ జారవిడిచారు. పెద్దయ్యగారు లేచి కూర్చున్నారు.

"కంగారుపడకు తిమోతీ," అన్నారు. "ఇరవై ఏళ్ళుగా ఊరూరా మనుషుల్ని లెక్కపెడుతున్నాను. నేను వెళ్ళిపోతే ఒకరు తగ్గుతారని ఇంతవరకూ ఎవరూ అనలేదయ్యా."

 పక్కనే ఉన్న సుజ్ఞానం వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంటున్నాడు. ముప్పైతొమ్మిది, పెద్దయ్యగారితో నలభై, ఇప్పుడు తిమోతి అయ్యగారు. తమ్ముడికేసి చూశాడు. తమ్ముడికీ అర్థమైంది. ఇద్దరూ వచ్చి అయ్యగారి సంచీ తీసుకుని, ఆయన్ని మర్యాదగా అదే ఆటో ఎక్కించారు.

"నలభై కావాలన్నారు, నలభై సరిపోయింది," అన్నాడు సుజ్ఞానం. "మీతో ఒకటి ఎక్కువవుతుంది. రాజమండ్రి వెళ్ళిపోండి అయ్యగారూ, ఎవరైనా తగ్గితే కబురు పంపిస్తాం."