అలివేణి ముందు జరిగిన సభ

ఎప్పటి మాటో తెలియదు గానీ పిల్లలూ, రత్నగిరి అనే రాజ్యాన్ని ధవళకీర్తి అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఒకసారి వేటకు వెళ్ళి, దారి తప్పి, ధూమ్రకేశుడనే మాంత్రికుడి తోటలో అడుగుపెట్టారు. వాడు కళ్ళెర్రజేసి చూశాడు, ఇద్దరూ రాళ్ళైపోయారు. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందనీ, చిలక చస్తే గానీ రాళ్ళు మనుషులు కావనీ చెప్పుకునేవారు. చిన్నవాడైన వసంతుడు తండ్రి కాళ్ళకు మొక్కి ఓడెక్కాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. ఆరో సముద్రంలో గాలివాన వచ్చి ఓడ బద్దలైంది. ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద వేసుకుని ఒక దీవి ఒడ్డున దింపింది.

ఆ దీవిలో మనుషులందరూ నిగనిగలాడే నల్లని వాళ్ళు. ఉంగరాల జుట్టు, వెడల్పాటి ముక్కు, పొడుగాటి కాళ్ళు. వసంతుడిని చూసి పిల్లలు పారిపోయారు. దీవి దొర తల్లి, ముసలవ్వ, వచ్చి అతని చెంప తడిమి చూసింది.

"అయ్యో నాయనా, ఎన్నాళ్ళ జబ్బు ఇది? ఒంట్లో చుక్క నెత్తురు లేదే."

"జబ్బేం లేదవ్వా. మా వాళ్ళందరూ ఇలాగే ఉంటారు."

"అందరూనా, పాపం," అని అవ్వ నిట్టూర్చి, అతనికి వేడివేడి గంజి పోసింది.

పక్కనే ఉన్న మనవరాలు అలివేణి పకపకా నవ్వింది. వసంతుడూ నవ్వాడు. అలా మొదలైంది వాళ్ళ స్నేహం. అతని కథంతా విని, "ఏడో సముద్రం నాకు తెలుసు. నేనూ వస్తాను," అంది ఆమె.

తాబేలు దారి చూపించింది. ఇద్దరూ చిన్న పడవలో వెళ్ళారు. ఏడో సముద్రం మధ్యలో ఒక రాతి దిబ్బ, దాని మీద ఇనుప ముళ్ళ పంజరం, అందులో చిలక. వసంతుడు చెయ్యి చాచగానే చిలక అతని తండ్రి గొంతుతో "వద్దు నాయనా," అంది. అతను ఆగలేదు. అన్నల గొంతుతో "వద్దు తమ్ముడూ," అంది. అప్పుడూ ఆగలేదు. మూడోసారి, ఎప్పుడో చనిపోయిన అతని తల్లి గొంతుతో "చిన్నోడా," అని పిలిచింది. వసంతుడి చెయ్యి ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలివేణి అతన్ని పక్కకు తోసి, ముళ్ళ మధ్య చెయ్యి దూర్చి చిలక మెడ నులిమింది. ఆమె అరచెయ్యి చీరుకుపోయింది. మాంత్రికుడు చచ్చాడు, రాళ్ళు రాకుమారులై లేచారు.

దీవిలోనే వసంతుడికీ అలివేణికీ పెళ్ళయింది. అవ్వ కాళ్ళకు మొక్కి ఇద్దరూ రత్నగిరికి బయలుదేరారు.

రాజు కొడుకును కౌగలించుకున్నాడు. కోడలిని మాత్రం ఎగాదిగా చూశాడు. ఆయనకు పండితుల వాదాలంటే మహా సరదా. మర్నాడు సభ పెట్టి, అలివేణిని నడుమ కూర్చోబెట్టి, "మనుషుల్లో ఈ తేడాలెందుకో, ఏ జాతి గొప్పదో తేల్చండి," అన్నాడు.

ఒక పండితుడు లేచి, వీళ్ళు ఎండకు మాడిన జాతి అన్నాడు. ఇంకొకాయన, కాదు, బ్రహ్మ వీళ్ళను వేరే మట్టితో చేశాడన్నాడు. మూడో ఆయన దారం తెచ్చి ఆమె ముక్కు కొలిచాడు, నుదురు కొలిచాడు, ఇలాంటి కొలతలున్న వాళ్ళకు బుద్ధి తక్కువని తేల్చాడు. ఆ అరచేతి మీది గాయం ఎలా తగిలిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె వల్ల బతికిన అన్నలిద్దరూ అందరితో పాటు నవ్వారు.

"నువ్వేమంటావురా?" అని రాజు వసంతుడిని అడిగాడు.

తండ్రి సరదా చెడగొట్టడం ఎందుకు, కాసేపట్లో వాళ్ళే ఆపుతారులే అనుకున్నాడు.

"పండితులు చెబుతున్నారు కదా నాన్నగారూ. నేనేం చెప్పగలను," అన్నాడు.

అలివేణి అతని వైపు ఒక్కసారి చూసింది. ఆ రోజు సాయంత్రమే సముద్రం ఒడ్డుకు వెళ్ళి తాబేలును పిలిచింది. వసంతుడు పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఒడ్డున ఆమె అడుగులు మాత్రమే ఉన్నాయి.

మర్నాడు అతను సభలో నిలబడి చెప్పాడు. "ఎండకు తగ్గట్టు ఒళ్ళు మారిందేమో, చలికి తగ్గట్టు ముక్కు మారిందేమో. అది ఒంటి సంగతి. బుద్ధిని కొలిచే దారం మీ దగ్గర లేదు. ఆమె చేతి నెత్తురుతో మా అన్నలు లేచారు." అన్నలు తలదించుకున్నారు. చెప్పవలసిన మాటే, కానీ వినవలసిన మనిషి అక్కడ లేదు.

వసంతుడు మళ్ళీ ఓడెక్కాడు. ఈసారి చంపడానికి మాంత్రికుడు లేడు, అయినా దారి ముందటికన్నా దూరం అనిపించింది. దీవి చేరేసరికి అవ్వ చనిపోయి ఉంది. అలివేణి రత్నగిరిలో ఉన్నప్పుడే పోయిందట, మనవరాలిని తలచుకుంటూ.

"నీతో రాకపోతే చివరి చూపు దక్కేది," అంది అలివేణి.

"నిన్ను తీసుకెళ్ళాను. అక్కడ నీ పక్కన నిలబడలేదు," అన్నాడు వసంతుడు.

"మళ్ళీ అక్కడికి రాను."

"రమ్మనను. ఉండనిస్తే నేనే ఇక్కడ ఉంటాను."

ఆమె లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. అతను వలలు అల్లడం నేర్చుకున్నాడు, పడవలకు తారు పూశాడు. వానలు వచ్చి వెళ్ళాయి. ఒక రోజు ఆమె అతని పక్కన కూర్చుని తనూ వల అల్లడం మొదలుపెట్టింది.

ఏళ్ళు గడిచాయి. ముసలివాడైన ధవళకీర్తి మనవల్ని చూడాలని ఓడలో వచ్చాడు. ఒకడు తండ్రి రంగు, ఒకతె తల్లి రంగు, చిన్నది ఇద్దరి నడుమ రంగు. ముగ్గురూ ఆయన ఒళ్ళోకెక్కారు. అలివేణి అన్నం వడ్డిస్తుంటే ఆయన తలెత్తకుండా, "ఆ రోజు నేను ఆపి ఉండాల్సిందమ్మా," అన్నాడు.

"అవును మామగారూ," అని ఆమె చేపల పులుసు పోసింది.

దొర తర్వాత వసంతుడూ అలివేణీ ఆ దీవిని చాలా కాలం చల్లగా ఏలారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. అయితే రత్నగిరి సభ మాట ఎవరైనా ఎత్తితే, అలివేణి మెల్లగా లేచి బయటికి వెళ్ళిపోయేది. వసంతుడు ఆమెను ఆపేవాడు కాదు.